కుడికంట్లో రెండో లెన్సు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

2009లో నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరుగుతుండగా, లోపల పెట్టే కృత్రిమ లెన్సును మోయవలసిన సన్నని పొర చిరిగిపోయింది. ఆధారం లేని చోట లెన్సు నిలవదు కనుక, మూడు నెలల తరువాత ప్రోలీన్ అనే సన్నని ప్లాస్టిక్ దారంతో దానిని కంటి తెల్లగుడ్డుకు కుట్టారు. చూపు బాగానే వచ్చింది గాని, మెట్లు దిగేటప్పుడు ఎదుటివన్నీ కాస్త వణికినట్లుండేవి. 2016లో ఒక ఉదయం పంచాంగం చూస్తుంటే ప్రతి అంకె రెండుగా కనిపించింది. ఎడమకన్ను మూసినా రెండే. వెంట్రుక కన్నా సన్నని ఆ దారం ఏళ్లు గడిచాక పెళుసుబారి తెగడం ఉన్నదేనని అప్పుడు చెప్పారు. కుట్టే ముందే చెప్పి ఉండవలసింది.

పాత లెన్సు తీసి, జిగురు పద్ధతిలో మూడు ముక్కల లెన్సు (మధ్యన గుండ్రని అద్దం, దానికి రెండు వైపులా తీగల్లాంటి కాళ్లు) పెట్టారు. డాక్టర్ అమర్ అగర్వాల్ చెన్నైలో 2007లో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, తెల్లగుడ్డు మీద ఎదురెదురుగా రెండు పలుచని రెక్కలు లేపి, లెన్సు కాళ్లను వాటి కింది నుంచి బయటికి తీసి, పక్కనే చేసిన సన్నని సొరంగాలలోకి దూర్చి, రెక్కలను ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం) జిగురుతో అంటిస్తారు. పేరును బట్టి లెన్సును పట్టుకునేది జిగురేనని నేనూ భ్రమపడ్డాను. ఆ జిగురు కొన్ని వారాలలోనే కరిగిపోతుంది. లెన్సును ఆపేది సొరంగంలో ఇరుక్కున్న కాలే.

మొదటి మూడు నెలలు సుఖంగా గడవలేదు. కంటి వెనక తెర అయిన రెటీనా మధ్యభాగంలో నీరు చేరి, అక్షరాలు వంకరగా కనిపించి, చుక్కల మందుతో మెల్లగా తగ్గింది. ఆ తరువాత మెట్ల మీద వణుకు మళ్లీ రాలేదు. సిలిండర్ పవర్ (ఒక దిశలో మాత్రమే ఉండే చూపు దోషం) కొంత మిగిలింది, చదవడానికి అద్దాలు తప్పవు. ఏటా కంటి ఒత్తిడి, రెటీనాతో పాటు లెన్సు కాలు పైపొరను ఒరుసుకుని బయటికి వస్తున్నదా అని కూడా చూపించుకుంటున్నాను, ఎందుకంటే వస్తే ఆ దారినే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది.

మా బావగారికి నిరుడు జపాన్ వైద్యుడు యమానే పద్ధతిలో పెట్టారు: రెక్కలూ లేవు, జిగురూ లేదు, లెన్సు కాళ్లను సన్నని సూదుల గుండా బయటికి తెచ్చి, కొసలను వేడితో గుండీలా ఉబ్బించి, తెల్లగుడ్డులోకి నొక్కేస్తారు. ఆయన కన్ను నా కన్ను కన్నా త్వరగా తేరుకుంది. లెన్సు కొద్దిగా ఒరిగిందని మాత్రం డాక్టరు అన్నారట. ఆయనకది తెలియడం లేదు.