నెట్‌వర్క్ కంపెనీ షాపులో చౌకగా ఫోన్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందే మీ సిమ్ వేసి చూడండి

తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ కొత్త ఫోన్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. కొన్ని నెట్‌వర్క్ కంపెనీ షాపుల్లో బయటి రేటుకన్నా వెయ్యి, రెండు వేలు తక్కువకే స్మార్ట్‌ఫోన్ అని బోర్డు పెడుతున్నారు. వాటిలో కొన్ని ఆ కంపెనీ సిమ్ తప్ప ఇంకో సిమ్ తీసుకోవు. ఆ సంగతి బోర్డు మీద ఉండదు. మాకైతే అడిగినా చెప్పలేదు.

మా అమ్మ ఐరాల దగ్గర పల్లెలో ఉంటుంది. రెండు ఆవులు, కాస్త తోతాపురి తోట. పాల బిల్లు పడితే మెసేజ్ వచ్చేది, గ్యాస్ బుక్ చేసేది, ఆధార్‌కు ఇచ్చింది, అన్నింటికీ ఒకటే పాత నంబరు. మా ఊళ్లో ఇంటి లోపల కూడా సిగ్నల్ అందేది ఆ కంపెనీదే. అక్షరాలు పెద్దగా కనబడే ఫోన్ కొనిద్దామని తిరుపతిలో వేరే కంపెనీ షాపుకు తీసుకెళ్లాను. గోడ నిండా పోస్టర్లే, కౌంటర్ మీద ఫోన్లు మాత్రం మూడు. ఒకటి స్టాక్ లేదు, ఒకటి డెమో పీసు. అంటే మనం ఎంచుకునేది ఏమీ లేదు, వాళ్లు ఇచ్చింది తీసుకోవడమే. "ఈ రేటుకు ఇవే ఉండేది అన్నా" అన్నాడు కుర్రాడు. వేరే కంపెనీ సిమ్ పని చేస్తుందా అని సూటిగానే అడిగాను. "రెండు సిమ్ముల ఫోనన్నా, ఏది వేసుకున్నా ఆడుతుంది" అన్నాడు.

ఇంటికి వెళ్లి అమ్మ సిమ్ వేస్తే స్క్రీన్ మీద 'సిమ్ నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్' అని ఒక గడి, కింద అంకెలు. కాల్ పోదు, మెసేజ్ రాదు. "ఏందిరా, నా నంబరుకు ఇది తాళం అడగతా ఉండాది" అంది అమ్మ. సరిగ్గా అదే జరిగింది.

తిరిగి షాపుకు పోతే మాట మారింది. సీల్ తీసిన పీసు వాపసు తీసుకోరట. 24 నెలలు వాళ్ల సిమ్ వాడితే లాక్ దానంతట అదే పోతుందట. కాదంటే నంబరు వాళ్లకే పోర్ట్ చేయించుకోమని సలహా. సిగ్నలే లేని కంపెనీకి మారి అమ్మ ఏం చేసుకోవాలి? ఒకసారి పోర్ట్ అయితే 90 రోజుల దాకా వెనక్కి రావడానికీ ఉండదు. 'బాక్స్ మీద రాసే ఉంది కదా' అని పెట్టె తిప్పి చూపించారు. నిజమే, అడుగున బార్‌కోడ్ కింద స్టిక్కర్ మీద ఉంది, నువ్వుగింజంత అక్షరాల్లో. బిల్లులో మాత్రం మోడల్, ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే 15 అంకెల గుర్తింపు నంబరు), ధర తప్ప లాక్ గురించి ఒక్క ముక్క లేదు.

ఇంతకీ మిగిలేది ఎంత? నెల ప్లాన్ అంటే 28 రోజులే కాబట్టి రెండేళ్లకు 26 రీఛార్జీలు. తక్కువలో తక్కువ 200 వేసుకున్నా 5,200 రూపాయలు. తగ్గించిన రెండు వేలను కంపెనీ ఇక్కడే రాబట్టుకుంటుంది. పాత సిమ్‌కు రీఛార్జ్ ఎలాగూ తప్పదు, అది వేరు.

లాక్ పెట్టి అమ్మడమే మోసం అనడం లేదు. 2017లో వచ్చిన జియోఫోన్, 2023లో 999 రూపాయలకు వచ్చిన జియోభారత్ జియో సిమ్‌తోనే నడుస్తాయని కొనేవాళ్లకు ముందే తెలుసు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకు ఇచ్చిన సీడీఎంఏ ఫోన్లు గుర్తున్నాయా? వాటిలో సిమ్మే ఉండేది కాదు, నంబరు ఫోన్‌లోనే ఉండేది. అక్కడ దాపరికం లేదు. మన దగ్గర సిమ్ ఒక చోట, ఫోన్ ఇంకో చోట కొనడం అలవాటు కాబట్టి మామూలు స్మార్ట్‌ఫోన్‌కు లాక్ ఉంటుందని ఎవరికీ తట్టదు. ఈ షాపుల ధీమా అదే.

అందుకే డబ్బు కట్టకముందే, కౌంటర్ దగ్గరే, మీరు వాడే సిమ్ వేయించి ఒక కాల్ చేసి చూడండి. సీల్ తీయం అంటే 'ఏ కంపెనీ సిమ్ అయినా పని చేస్తుంది' అని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. రాయడానికి నసిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. కేవైఎం (KYM) అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఐఎంఈఐ నంబరు రాసి 14422కి పంపితే ఫోన్ అసలుదో కాదో తెలుస్తుంది గానీ లాక్ సంగతి తెలియదు. దాన్ని నమ్ముకోవద్దు. అమెరికా నుంచి బంధువులు తెచ్చే ఐఫోన్లకూ ఈ గొడవ ఉంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి 'క్యారియర్ లాక్' దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే తీసుకోండి.

5జీ ఫోన్ అయితే ఇంకో మెలిక. జియో 5జీ ఎస్‌ఏ (SA), అంటే 4జీ అవసరం లేకుండా సొంతంగా నడిచే పద్ధతిలో నడుస్తుంది, ఎయిర్‌టెల్ 4జీ మీద ఆధారపడే ఎన్‌ఎస్‌ఏ (NSA)తో మొదలుపెట్టింది. చౌక ఫోన్లలో కొన్ని ఎస్‌ఏ ఒక్కటే ఇస్తాయి. లాక్ లేకపోయినా అలాంటి ఫోన్‌లో ఎన్‌ఎస్‌ఏ 5జీ రాదు. ఈ రెండు పేర్లూ ఉన్నాయో లేదో స్పెసిఫికేషన్లలో చూసుకోండి.

బిల్లు, ఆ స్టిక్కర్ ఫొటో పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఇలాగే ఇరుక్కున్నవాళ్లు ఉంటే బాక్స్, బిల్లు పారేయకండి. షాపువాళ్లు 'మేమే లాక్ తీసిస్తాం, ఫోన్ ఇచ్చి వెళ్లండి' అంటే రసీదు లేకుండా ఇవ్వకండి.