అమ్మ మోకాళ్లు, చిన్నాడి నిద్ర, డిస్నీ వరల్డ్

అమ్మానాన్న భీమవరం పక్కన మా ఊరి నుంచి అమెరికాలో మా దగ్గరికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. చిన్నాడికి డిసెంబర్లో మూడేళ్లు నిండుతాయి. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ అనే వినోదాల పార్కుల్లో మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల దాకా పిల్లల టికెట్ అంటారు గానీ, పెద్దవాళ్ల టికెట్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు. పెద్దదానికి ఎనిమిదేళ్లు, బొమ్మల మోజు ఇంకా తీరలేదు. వెళ్తే ఇప్పుడే వెళ్లాలని స్కూల్ ఫాల్ బ్రేక్ చూసుకుని, దసరా ముందు వారం, అట్లాంటా నుంచి కారేసుకుని ఓర్లాండో బయల్దేరాం. ఆరుగురం, దారిలో ఆగుతూ ఎనిమిదిన్నర గంటలు.

మా ఆయన నెలరోజుల ముందు నుంచే ఎక్సెల్ షీటు పెట్టుకుని కూర్చున్నారు. ఏ రైడు ఎన్నింటికి, ఏ వరస ఎంతసేపు, అన్నీ ఉన్నాయి అందులో. అమ్మ మోకాళ్లూ, చిన్నాడి మధ్యాహ్నం నిద్రా మాత్రం లేవు. ఖర్చంతా ఆ రెండు గళ్ల దగ్గరే తేలిందని తర్వాత తెలిసింది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు ముందు ఆ చోటు ఎంత పెద్దదో బుర్రకెక్కాలి. అది ఒక పార్కు కాదు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలై, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్ కలిసి నాలుగు పార్కులు, రెండు వాటర్ పార్కులు, పాతికకు పైగా హోటళ్లు. మొత్తం దాదాపు 25 వేల ఎకరాలు. నాన్నకు ఎకరాల్లో చెప్తే గానీ ఎక్కదని అలాగే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంతా రొయ్యల చెరువులేస్తే కరెంటు బిల్లెంతవుద్దో" అన్నారు.

బసను రెండు ముక్కలు చేశాం. మూడు రాత్రులు డిస్నీ పక్కనున్న కిస్సిమీ ఊళ్లో అద్దె ఇల్లు, రెండు రాత్రులు డిస్నీ వాళ్ల ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఫ్యామిలీ స్వీటు, అంటే కలిసి ఉన్న గదులు. ఆరుగురికి మామూలు గది ఒకటి చాలదు. రెండు తీసుకుంటే అమ్మావాళ్లు ఒకచోట, మేమొకచోట. స్వీటులో ఆరుగురూ పడుకోవచ్చు, బాత్రూములు రెండు. మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నాయి గానీ పొయ్యి లేదు.

కిస్సిమీ ఇంటి గురించి మంచే ముందు చెప్తాను. వంటిల్లు ఉంది. మా రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి, కందిపొడి కారు డిక్కీలో వచ్చాయి. పొద్దున్నే అమ్మ పులిహోర కలిపి డబ్బాలకు పెట్టేసేది. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలూ పెద్ద కూలర్లూ వద్దంటారంతే. ఐసు నీళ్లు ఫౌంటెన్ డ్రింకులమ్మే ఏ కౌంటర్లో అడిగినా ఊరికే ఇస్తారు. ఇక చెడు. ప్రకటనలో "డిస్నీకి పది నిమిషాలు" అని రాశారు. అబద్ధం కాదు, ఆ పాతిక వేల ఎకరాల సరిహద్దు బోర్డుకు పది నిమిషాలే. బోర్డు దాటాక మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కింగుకు ఇంకో పావుగంట. క్లీనింగ్ ఫీజు చివర్లో విడిగా కలిసింది. అది కలుపుకుంటే రాత్రికి పడింది మేమనుకున్నంత చవక కాదు.

మొదటి రోజు యానిమల్ కింగ్‌డమ్. పెద్దవాళ్లతో వెళ్తే ఇక్కడే మొదలుపెట్టమంటాను. తెల్లారగానే సఫారీ ట్రక్కెక్కితే జంతువులు ఇంకా తిరుగుతూ కనిపిస్తాయి, ఎండెక్కితే చెట్ల కింద చేరతాయి. ఆసియా అనే భాగంలో "ఆనందాపూర్" అని ఒక ఊహల రాజ్యం కట్టారు. పాడుబడ్డ రాజమహల్, అందులో పులులు, వెలిసిపోయిన గోడ రాతలు. అమ్మ అక్కడ నిలబడి, "ఇదేంటే, మన పాత బస్టాండు గోడ చూడ్డానికి ఇంత డబ్బెట్టామా" అంది. నవ్వింది గానీ ఫొటోలు ఎక్కువ దిగింది అక్కడే.

సాయంత్రం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంటుకెళ్లాం. హోటల్లో దిగకపోయినా వెళ్లి తినొచ్చు. అరవై రోజుల ముందే టేబులు బుక్ చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. నాన్‌లు, కుల్చాలు, వాటి చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో రైతా, చట్నీలు, వెల్లుల్లి పచ్చడి. కిటికీ అవతల జిరాఫీలు. ఆవకాయ తినే నోటికి ఆ వెల్లుల్లి పచ్చడి పిల్లల తిండే, అయినా మొత్తం యాత్రలో నాన్న "ఇంకోటి చెప్పు" అన్నది ఈ ఒక్క చోటే.

రెండో రోజు, మ్యాజిక్ కింగ్‌డమ్. మా తప్పులన్నీ ఈ రోజే. కారులో వచ్చేవాళ్లు గేటు ముందు దిగలేరు. పార్కింగ్ నుంచి ట్రాము, సెక్యూరిటీ, ఆపైన చెరువు దాటడానికి మోనోరైలో పడవో ఎక్కాలి. డిస్నీ హోటల్ బస్సులైతే నేరుగా గేటు దగ్గరే దించుతాయి. మేం ఇంట్లోంచి ఏడుంపావుకు కదిలితే లోపల అడుగుపెట్టేసరికి ఎనిమిదీ నలభై. మధ్యాహ్నం వెనక్కెళ్లి చిన్నాడిని పడుకోబెట్టి మళ్లీ వద్దామన్నది ప్లాను. రానూపోనూ మూడు గంటలు తింటుందని తెలిశాక ఎక్సెల్ షీటు మూసేశారు.

అమ్మకు గేటు దగ్గర వీల్‌చెయిర్ అద్దెకు తీసుకుందామంటే పొద్దున ససేమిరా అంది. "నాకేం రోగం? చక్రాల కుర్చీలో చూస్తే నలుగురూ ఏమనుకుంటారు?" పదకొండయ్యేసరికి ఫుట్‌పాత్ అంచున కూర్చుని మోకాలు పట్టుకుంది. అప్పుడు వెనక్కి నడిచి తెచ్చాం. ఆ కుర్చీ పార్కు దాటనివ్వరు, పార్కింగ్ దాకా మళ్లీ నడకే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో వెళ్తే బయటి దుకాణంలో అద్దెకు తీసుకుని కారులో వేసుకెళ్లండి. పొద్దున్నే, గొడవ పడైనా సరే.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని ఆదుకున్నది కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసిన షో, హాలే తిరుగుతుంది. వరస లేదు, ఏసీ ఉంది, ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. అమ్మా, ఆమె ఒళ్లో చిన్నాడూ హాయిగా నిద్రపోయారు. బయటికొచ్చి మళ్లీ అదే షోకెళ్లాం.

వరసలో ముందుకు పోనిచ్చే లైట్‌నింగ్ లేన్ మల్టీ పాస్ ఈ ఒక్క రోజుకే కొన్నాం. తిరుమలలో 300 రూపాయల టికెట్ ఎలాగో ఇదీ అలాగే. వరస ఉండదని కాదు, సర్వదర్శనం వాళ్లను చూస్తూ ముందుకు నడుస్తామంతే. బయట దిగినవాళ్లు మూడు రోజుల ముందు, డిస్నీ హోటల్లో దిగేవాళ్లు ఏడు రోజుల ముందు, ఉదయం ఏడింటికి ఎంచుకోవచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పెట్టిన డబ్బుకు ఫలితం దక్కింది. యానిమల్ కింగ్‌డమ్‌లో పొద్దున్నే వెళ్లాం కాబట్టి లేకపోయినా లోటు తెలియలేదు. డబ్బు పెట్టక్కర్లేనిది రైడర్ స్విచ్. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్ అనే రోలర్ కోస్టర్‌కు 38 అంగుళాల ఎత్తుండాలి, చిన్నాడు చాలడు. ముందు మా ఆయన, పెద్దది ఎక్కారు, నేను బయట వాడితో ఉన్నాను. తర్వాత మళ్లీ ఆ వరసంతా నిలబడకుండా నేనెక్కాను. నాతో పెద్దది రెండోసారి! దాని దృష్టిలో తమ్ముడు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఇంకో తప్పు. ఆ రోజు రాత్రి విడిగా టికెట్ పెట్టే హాలోవీన్ పార్టీ ఉంది. అలాంటి రోజుల్లో మామూలు టికెట్ వాళ్లను సాయంత్రం ఆరింటికే పంపేస్తారు, అందుకే పగలు జనం పలచగా ఉంటారు. అది చదివే ఆ రోజు ఎంచుకున్నాం. రాత్రి మ్యాజిక్ కింగ్‌డమ్ కోట మీద కాల్చే బాణసంచా మనకుండదన్న సంగతి మాత్రం బుర్రకు తట్టలేదు. పెద్దది కారు దాకా ఏడుస్తూనే ఉంది.

మూడో రోజు ఎక్కడికీ వెళ్లలేదు. ఇల్లు ఖాళీ చేసి హోటల్‌కు మారి, పిల్లలు కొలనులో పడ్డారు. నీళ్లలో మునిగితే లోపల పాటలు వినిపిస్తాయి. మూడు రోజుల టికెట్లే కొనడం వల్ల ఈ పగలంతా "డబ్బు దండగ" అన్న బెంగ లేదు.

నాలుగో రోజు ఎప్‌కాట్. హోటల్ ముందునుంచే స్కైలైనర్ అనే రోప్‌వే డబ్బాలు. మధ్యలో ఒకచోట మారాలి. మధ్యాహ్నం పార్కు వదిలిన అరగంటకల్లా చిన్నాడు మంచం మీద ఉన్నాడు, ఐదింటికి మళ్లీ పార్కులో. మెరుపులుంటే ఆపేస్తారు కాబట్టి అక్కడి ఎండాకాలం మధ్యాహ్నాల్లో దాన్నే నమ్ముకోకూడదు. ఆ రెండు రాత్రుల బిల్లు కిస్సిమీ మూడు రాత్రులను మించింది. అయినా చిన్న పిల్లలుంటే మొత్తం ఇక్కడే దిగి, ఒక రాత్రి తగ్గించుకుని వెళ్లిపొమ్మంటాను.

అమ్మ ఆ రోజు వీల్‌చెయిర్ తనే అడిగింది.

లివింగ్ విత్ ద ల్యాండ్ అని పడవ రైడు. పిల్లలకు ఏమీ అనిపించదు, చాలామంది కాళ్లు పీకినప్పుడు ఎక్కుతారు. పడవ గ్రీన్‌హౌసుల మధ్య నుంచి పోతుంది. మట్టి లేకుండా వేలాడే మొక్కలు, పందిరంత టొమాటో చెట్టు, ఆ పక్కన తొట్టెల్లో చేపలు. నాన్న సీట్లోంచి లేవబోతే నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. దిగాక, "ఏరియేటర్లు ఎక్కడ పెట్టారో కనపళ్లేదమ్మాయ్, మళ్లీ ఎక్కుదాం" అన్నారు. చెరువు నీళ్లకు గాలి పట్టించే యంత్రాలవి. మూడుసార్లు ఎక్కాం. రాత్రి ఎప్‌కాట్ సరస్సు మీద బాణసంచా చూశాక పెద్దది కోట సంగతి మర్చిపోయింది. నాన్న మాత్రం అట్లాంటా చేరేదాకా ఆ తొట్టెల లోతు గురించే.

హాలీవుడ్ స్టూడియోస్ వదిలేశాం. అక్కడ పెద్దది మనసుపడ్డ స్లింకీ డాగ్ రోలర్ కోస్టర్‌కూ 38 అంగుళాలే కావాలి. ఇంటికొచ్చాక పిల్లల గది తలుపు చట్రం మీద ఆ ఎత్తున పెన్సిలుతో గీత గీసింది. రోజూ తమ్ముణ్ణి లాక్కెళ్లి నిలబెడుతోంది.