4.1 వోల్టులు చూసి మురిసిపోకండి: వైజాగ్‌లో పాత 18650 సెల్స్ కొనేవాళ్ళకి

నిన్న సాయంత్రం జరిగింది. ఇంకా ఒళ్ళు మండుతోంది, అటూ ఇటుగా రాస్తే సర్దుకోండి.

కొట్టు పేరు రాయను. సొంతంగా పవర్ బ్యాంక్ చేసుకునేవాళ్ళకి పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన 18650లు, అంటే గుండ్రటి లిథియం సెల్స్, అనగానే గుర్తొచ్చే ఆ మెట్లకింద కొట్టే. 2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపడున్నాయి. అప్పట్నుంచీ తుఫాను కబురు వస్తే చాలు, నాకు ఛార్జింగ్ టెన్షన్. ఈసారి పెద్దది ఒకటి నా చేత్తో చేద్దామని 8 సెల్స్ తీసుకున్నాను. ఒక్కోటి 120, మొత్తం 960. "2600 ఎంఏహెచ్ బాబూ, అన్నీ టెస్ట్ చేసినవే" అన్నాడు కొట్టాయన. ఎంఏహెచ్ అంటే సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే లెక్క. ఎనిమిదీ ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే 20,800. ఆ లెక్క వేసుకుంటూ బస్సులో నవ్వుకున్నాను కూడా.

నమ్మడానికి కారణం మల్టీమీటర్. ఒక్కో సెల్‌కి పిన్నులు ఆనించి, డిస్‌ప్లే నా వైపు తిప్పి చూపించాడు. 4.1, 4.1, 4.1. నేను బుద్ధిగా తలూపాను. అది వోల్టేజీ మాత్రమే. బిందె నిండినా నిండుగానే కనిపిస్తుంది, టీ గ్లాసు నిండినా నిండుగానే కనిపిస్తుంది. ఎంత పట్టిందో ఆ మీటర్ చెప్పదు. ఈ ముక్క నాకు తెలుసు. తెలిసీ తలూపాను.

ఇంటికొచ్చి కెపాసిటీ చూసే ఛార్జర్‌లో నాలుగు పెట్టాను. 500 మిల్లీఆంపుల కరెంటుతో ఖాళీ చేస్తే మంచి సెల్ ఐదు గంటలు లాగాలి. మొదటిది నలభై నిమిషాలకే చేతులెత్తేసింది. 340 ఎంఏహెచ్. రెండోది 410. మూడోది ఛార్జింగ్‌లోనే చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. వంటింటి పటకారుతో పట్టుకుని డాబా మీదకి పరిగెత్తి ఇసుక బకెట్‌లో పడేశాను. "ఆ పటకారు మళ్ళీ వంటింట్లోకి తేకు" అంది అమ్మ. మిగతా సెల్స్ మీద నీలం కవర్ బ్లేడుతో గీశాను. లోపల ఇంకో కవర్, పాతది, గులాబీ రంగు, అంచున తుప్పు. కింద పోర్షన్‌లో బంగారం పనిచేసే బాబాయిగారి త్రాసులో తూచితే ఒకటి 29 గ్రాములు. అసలుది 45 గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. లోపల ఏం కూరారో ఆ దేవుడికే తెలియాలి.

సరే, తిరిగి వెళ్ళాను. అంతకుముందు "రండి బాబూ" అన్న మనిషి తలెత్తలేదు. సంచి ఆయన ముందు పెట్టి చెప్పాను. ఒకటి తీసి, చిరిగిన కవర్ రెండు వేళ్ళతో పట్టుకుని, పనికుర్రాడికి చూపిస్తూ నవ్వాడు. "చూడ్రా, కోసేసి తెచ్చాడు. ఇంకెవడికి అమ్మాలి?" తర్వాత నా వైపు తిరిగి, "పాత సామాన్లకి గ్యారంటీ ఏటి? నువ్వేమైనా ఇంజనీరువా?" నిజానికి ఇంజనీర్నే. ఆ క్షణాన ఆ మాట బయటికి చెప్పడానికి సిగ్గేసింది.

అక్కడితో ఆగితే ఈ పోస్ట్ రాసేవాణ్ణి కాదేమో. నా పక్కనే ఎర్ర బ్యాగు తగిలించుకుని ఒక కాలేజీ కుర్రాడు నిలబడ్డాడు. కొట్టాయన నా సంచి పక్కకి నెట్టి, అదే మల్టీమీటర్ తీసి, డిస్‌ప్లే వాడి వైపు తిప్పాడు. "చూసుకో తమ్ముడూ, 4.1." వాడూ అచ్చం నాలాగే తలూపాడు. నేను నోరు తెరవలేదు. అప్పటికే పోయిన పరువు చాలనిపించి మెట్లెక్కి వచ్చేశాను. 960 కంటే అది ఎక్కువ గుచ్చుతోంది.

కొనక తప్పదంటే, విడి సెల్స్ వద్దు. విప్పని ల్యాప్‌టాప్ ప్యాక్ కొని మీరే విప్పుకోండి. విప్పాక 2 వోల్టుల కంటే కిందకి పడిపోయి ఉన్న సెల్‌ని ఛార్జ్ చేయొద్దు. చిన్న త్రాసు దగ్గరుంచుకోండి. ఫుల్ ఛార్జ్ చేసి వారం ఆగి వోల్టేజీ చూడండి, తనంతట తానే దిగిపోతుంటే పక్కన పెట్టేయండి. కలిపే ముందు అన్నిటి వోల్టేజీ సమానంగా ఉందో లేదో చూడండి. లేదా నాలా తెలివి చూపించకుండా, దాదాపు అదే డబ్బుకి బీఐఎస్ ముద్ర (ప్రభుత్వ నాణ్యతా గుర్తు) ఉన్న మామూలు పవర్ బ్యాంక్ కొనుక్కోండి.

ఎర్ర బ్యాగు తమ్ముడూ, ఇది నీ కంట పడితే, ఆ సెల్స్ ఛార్జింగ్ పెట్టి మాత్రం పడుకోకు.