ఒకే పుట్ట వద్ద ఆగడమా, చూపుతో తరలిపోవడమా

చీమలపుట్ట, కర్మాగారం లాంటి సంక్లిష్ట వ్యవస్థలను జీవితాంతం గమనించేవారిలో కొందరు ఒకే వ్యవస్థను పట్టుకొని లోతుకు దిగుతారు, మరికొందరు ఒకచోట అలవడిన చూపుతో వేరే రంగానికి తరలిపోతారు. అమెరికన్ జీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ మొదటి కోవకు చెందినవారు. ఏడేళ్ల వయసులో గాలానికి చిక్కిన చేపను విసురుగా లాగినప్పుడు ముల్లు గుచ్చుకొని కుడికన్ను దెబ్బతినగా, మిగిలిన కంటికి దగ్గరగా పెట్టుకొని చూడగలిగే చిన్న ప్రాణులవైపు మళ్లిన ఆయన, హార్వర్డ్‌లో ఆచార్యులయ్యాక కూడా చీమలను వదల్లేదు. నిప్పుచీమ పొట్టలోని ఒక సూక్ష్మగ్రంథిని నలిపి గాజుపలకపై గీత గీస్తే, పుట్టలోని చీమలు బిలబిలమంటూ వచ్చి ఆ గీత వెంటే నడిచాయి; వాటికి దారి చూపేది ఆ గ్రంథిలోని రసాయనమేనని అలా తేలింది.

రెండో దారి జే ఫారెస్టర్‌ది. నెబ్రాస్కాలో పశువుల క్షేత్రంలో పెరిగి, హైస్కూలు రోజుల్లోనే పాత కారు భాగాలతో గాలిమర అమర్చి ఇంటికి కరెంటు తెచ్చిన ఈ ఇంజనీరు, అమెరికాలోని సాంకేతిక విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి.లో కంప్యూటర్ల పని చూసి, 1956లో అక్కడి మేనేజ్‌మెంట్ విభాగానికి మారారు. జనరల్ ఎలక్ట్రిక్ కర్మాగారాల్లో ఉద్యోగాల సంఖ్య ఎగసిపడటానికి సంస్థ లోపలి నిర్ణయాలే చాలునని కాగితం, పెన్సిలుతో లెక్కగట్టి చూపారు.

వ్యవస్థలను గమనించే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి విల్సన్ దారే క్షేమమని నా అభిప్రాయం. ఆయన కూడా 1975లో చీమలను దాటి మనుషుల ప్రవర్తనను జీవశాస్త్రంతో వివరించే దాకా వచ్చినప్పుడు తీవ్ర విమర్శలపాలయ్యారు.