నాలుగేళ్ల ఇండక్షన్ స్టవ్: గింజంత సెన్సర్, గంపెడు చిరాకు

వాట్లు, బటన్ల సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచింది గాజు పలక కింద, రాగి చుట్ట మధ్యలో ఉండి వేడిని పసిగట్టే గింజంత సెన్సర్ గురించి. అది నన్ను మూడు వారాలు ఏడిపించింది.

మొదట తాలింపు మాడసాగింది. ఎప్పుడూ పెట్టే అంకె మీదే పెట్టినా, ఆవాలు చిటపటలాడేలోగా మెంతులు నల్లబడేవి. మూకుడు పలచనిదేమో అనుకున్నాను. తర్వాత ఒక పొద్దున, పాలు పెట్టిన రెండో నిమిషంలోనే కీచుమని అరిచి, ఎర్రగా ఏదో కోడ్ చూపి ఆగిపోయింది. స్టవ్‌తో ఇచ్చిన పుస్తకంలో వెతికితే ‘సెన్సర్ లోపం’ అని ఉంది.

కంపెనీ మనిషి వచ్చాడు. ఒక్క మర విప్పలేదు, మీటరు తీయలేదు. ‘బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే, 1,800 అవుతుంది’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

ప్లగ్గు తీసి, కెపాసిటర్‌లో మిగిలిన విద్యుత్తు పోయేదాకా పావుగంట ఆగి నేనే విప్పాను. ఈ స్టవ్‌లలో ఎక్కువగా వాడే సెన్సర్ 25 డిగ్రీల దగ్గర మీటరు మీద 100 కిలో ఓమ్‌ల నిరోధం (విద్యుత్తుకు అడ్డు) చూపాలి. వేళ్ల మధ్య పట్టుకుంటే ఆ వెచ్చదనానికి అంకె తగ్గుతూ పోవాలి. నా మీటరు ఏమీ చూపలేదు. తీగను కాస్త వంచితే 90 చూపి మళ్లీ మాయం. సెన్సర్ గింజ దగ్గర, తొడుగు లోపల తీగ తెగింది. గాజు వేడి గింజకు అందేలా పైన పూసిన తెల్లటి పేస్టు సున్నంలా ఎండి గాజును వదిలేసింది. తాలింపు గుట్టు అప్పుడు తెలిసింది. గాజు వేడి గింజకు సరిగా అందక, గిన్నె ఇంకా చల్లగానే ఉందనుకుని స్టవ్ కాస్తూనే ఉండేది.

కొత్త సెన్సర్ 60 రూపాయలు. పేస్టు పూసి, గింజ గాజుకు ఆనేలా అమర్చాను. ఎనిమిది నెలలైంది, మళ్లీ ఆ కోడ్ కనిపించలేదు.

కొన్న కొత్తలో ‘దీని మీద పాలు పొంగవు’ అని చుట్టాలందరికీ చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. సెన్సర్‌కు తెలిసేది గాజు వేడే, పాల వేడి కాదు. నిండుగా పోస్తే పొంగుతాయి.

మేమిద్దరమే, పక్కన గ్యాస్ కూడా ఉంది కనుక మాకు సరిపోతోంది. ఇదొక్కటే ఆధారంగా గదిలో వండుకునేవారికి కొనమని గట్టిగా చెప్పలేను. చుట్ట ఉన్నంత మేరే పెనం బాగా కాలుతుంది, అందుకే పెసరట్లు మాత్రం మేమూ గ్యాస్ మీదే వేసుకుంటాం.