యెజ్డీయా, పాత బుల్లెట్టా?

మన కోనసీమలో ఏ పాకలోనో గోనెసంచుల కింద పాత బండి బయటపడిందనుకోండి. అది యెజ్డీ అయితే ఒక కథ, బుల్లెట్ అయితే ఇంకో కథ.

యెజ్డీ మైసూరు బండి, 250 సీసీ, టూ స్ట్రోక్. పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోయాలి. కిక్ రాడ్డే గేర్ రాడ్డు కూడా! స్టార్ట్ చేశాక ముందుకు వాల్చితే గేరు. మొదటిసారి చూసేవాళ్లకి గారడీలా ఉంటుంది. ఇంజిన్‌లో వాల్వుల గొడవ లేదు, విప్పి బిగించడం తేలిక. ఫ్యాక్టరీ 1996లో మూతపడింది కాబట్టి అసలు సామాన్లు వెతకడమే టెన్షన్.

బుల్లెట్‌కి ఆ బెంగ తక్కువ. కాకపోతే పాతదానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దయచేసి కాలువ గట్టు మీద నేర్చుకోకండి. ఆమ్మీటర్ (కరెంటు చూపే మీటరు) ముల్లు చూసుకుని, డీకంప్రెసర్ (ఇంజిన్‌లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి, కిక్ కాస్త దింపి, అప్పుడు తన్నాలి. తొందరపడితే అదే మనల్ని తంతుంది.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి రెండూ ఒకటే. కొనేముందు ట్యాంకులో టార్చి వేసి తుప్పు చూడండి.

నా ఓటు యెజ్డీకే, ఆ జంట సైలెన్సర్ల చప్పుడు కోసం. మా ఆవిడ మాత్రం బుల్లెట్ అంటుంది, కూర్చోడానికి బాగుంటుందట.