12 బోర్ పంప్ యాక్షన్ షాట్‌గన్ కొత్తగా కొన్నోళ్లకి
గన్ సూపర్, కొత్తలో పంప్ (బ్యారెల్ కింద ముందుకీ వెనక్కీ జరిగే పిడి) కాస్త గట్టిగా ఉంది కాబట్టి 4 స్టార్లు. కొత్తోళ్లు ముందు నేర్చుకోవాల్సింది పంప్ కొట్టడమే, పూర్తిగా వెనక్కి లాగి పూర్తిగా ముందుకి తొయ్యాలి, భయపడి సగం లాగితే పేల్చిన తూటా ఖాళీ కేసు బయట పడక అక్కడే ఇరుక్కుంటది, తర్వాత గన్‌ని తిట్టి లాభం లేదు. డమ్మీ రౌండ్లతో (మందు లేని ఉత్త తూటాలు) ప్రాక్టీస్ చెయ్యండి, అసలు తూటాలు వేరే గదిలో పెట్టి.

తూటాలు నింపే ట్యూబ్ ఖాళీ అయినా చాంబర్లో (తూటా పేలే చోటు) ఒకటి ఉండొచ్చు, దయచేసి కళ్లతో చూసి వేలు పెట్టి కూడా తడమండి, ప్రతిసారీ.

మన వానలకి గుడ్డ కవర్లో వదిలేస్తే తేమకి బ్యారెల్ తుప్పు పడుతుంది, నూనె గుడ్డతో తుడిచి లాకర్లో పెట్టండి.

ఇంకోటి, బరాత్‌లో గాల్లో ఒకటి పేల్చు అన్నా అని ఎవరడిగినా ఒప్పుకోవద్దు, ఆయుధాల చట్టం 2019 సవరణ ప్రకారం 2 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా ఫైన్, లేదా రెండూ.